పన్నెండు వారాల టిక్కులు

రోజుకు ఒక్క వాక్యం. కూతురికి అంతకు మించి ఓపిక లేదు.

పొద్దున పదకొండు దాటాక, నాలుగు చెంచాల పాలు లోపలికి పోయి, అవి లోపలే నిలిచాయని నమ్మకం కుదిరాక, తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుని కొలతల పుస్తకం తెరిచేది. గదికి నల్లటి తెర. ఆ తెర సందులోంచి పడే సన్నటి వెలుగులోనే రాయాలి. కూతురు కళ్ళు మూసుకుని ఆ రోజు వాక్యం చెప్పేది. కొన్నాళ్ళు వాక్యం సగంలోనే ఆగిపోయేది. మిగతా సగం మర్నాటికి.

"రాశావా?"

"రాశాను."

"చదువు."

తల్లి పెదవులు కదిలీ కదలనట్టు చదివేది. గొళ్ళెం టక్కుమన్నా ఆ పిల్లకి దెబ్బ తగిలినట్టుంటుంది. అందుకని తలుపు అంచులకు తల్లి మెత్తటి గుడ్డ కుట్టింది. ఆవిడ పనే అది. వీధి చివర దుకాణంలో బట్టలు బిగించడం, వదులు చేయడం, అంచులు మడిచి కుట్టడం. ముప్ఫై ఏళ్ళుగా ఇతరుల నడుములూ భుజాలూ కొలిచి పుస్తకంలో రాసుకుంటోంది.

కూతురు బస్సులో కండక్టరు. అయిదేళ్ళు చేసింది. పెద్ద గొంతు, అంతకంటే పెద్ద నోరు. కిక్కిరిసిన బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకి చేపలా ఈదుకుంటూ పోయేది. ఇరవయ్యారో ఏట జ్వరం వచ్చింది. జ్వరం వారంలో పోయింది గానీ, పోతూ పోతూ ఓపికంతా పట్టుకుపోయింది. డాక్టర్లు దానికి దీర్ఘకాలపు అలసట జబ్బు అని పేరు పెట్టారు. ఆ పేరే కొంప ముంచింది. "ఓస్, అలసటేనా? మాకు మాత్రం లేదూ!" అనేవాళ్ళు విన్నవాళ్ళంతా. వాళ్ళ అలసట పడుకుంటే పోతుంది. దీనికి పడుకోవడం కూడా పనే. పైగా ఇది దొంగ జబ్బు. ఈ రోజు తల దువ్వుకుంటే దెబ్బ ఈ రోజు పడదు. ఎల్లుండి పడుతుంది. చూసేవాళ్ళకి తల దువ్వుకున్న రోజే కనిపిస్తుంది.

తొమ్మిదేళ్ళు అయింది. అల్లుడు రెండో ఏడు వెళ్ళిపోయాడు. పోట్లాడి పోయినా బాగుండేది. ఒకరోజు తల్లి దుకాణం నుంచి వచ్చేసరికి గూట్లో అతని పళ్ళ బ్రష్షు లేదు. అంతే. తల్లి మొగుడు కూడా అలాగే పోయాడు, ఆవిడ ఆస్పత్రి మెట్ల కింద మందుల చీటీ పట్టుకుని వరసలో నిలబడి ఉండగా. పోయేవాళ్ళందరూ తను అటు తిరిగినప్పుడే పోతారని ఆవిడకి గట్టి నమ్మకం. అందుకే ఏ తాడూ తెగనివ్వదు. పాత మందుల షాపువాడికి కూడా ఊరికే ఫోను చేసి పలకరిస్తుంటుంది.

ఇప్పుడు ఈ జబ్బుకి డాక్టర్లంతా ఎలా వైద్యం చేయాలో చెప్పే మార్గదర్శకాల పుస్తకం ఒకటి కొత్తగా రాస్తున్నారు. దానికో కమిటీ. ఆ కమిటీ ముందు రోగులు ఇద్దరు మాట్లాడవచ్చట, చెరో పది నిమిషాలు. రోగి రాలేకపోతే ఇంటివాళ్ళు చదవవచ్చు. ఉత్తరం వచ్చిన రోజున కూతురు చాలాకాలానికి నవ్వింది.

"పది నిమిషాలా! డ్రైవరు టీ తాగడానికే పావుగంట పట్టేది కదమ్మా."

"నువ్వు మాట్లాడకు. నవ్వకు. దాచుకో."

"దాచుకుని ఏం చేస్తాను, నాకేమన్నా బస్సు తప్పిపోతుందా?"

అలా మొదలైన వాక్యాలు యాభై అయ్యాయి. తన సంగతి కాదు ఆ పిల్ల చెప్పాలనుకున్నది. పాత పుస్తకంలో ఒక మాట ఉంది: రోగిని రోజూ కొంచెం కొంచెంగా ఎక్కువ నడిపించాలి అని. ఆ మాట కొత్త పుస్తకంలో ఉండకూడదు. ఆ మాట వల్లే తను నడిచే మనిషి నుంచి పడుకునే మనిషి అయింది. యాభై వాక్యాలూ దాని చుట్టూనే.

యాభై ఒకటో వాక్యం దగ్గర తల్లి పెన్సిలు ఆగిపోయింది.

"నా మాట నమ్మకపోతే, క్లినిక్కులో నా నడక కాగితాలు ఉంటాయి, తీసి చూడండి. నేను పడిపోయిన ప్రతి రోజూ అందులో మా అమ్మ చేత్తో రాసి ఉంది."

"రాశావా?"

"ఆఁ."

"చదువు మరి."

తల్లి చదివింది. గొంతు తనది కాదనిపించింది.

ఏడేళ్ళ కిందటి మాట అది. క్లినిక్కులో వ్యాయామం నేర్పే ఆయన ఉండేవాడు. కూతురు ఆయనకి నడకల మాస్టారని పేరు పెట్టింది. మంచివాడే, ఎప్పుడూ నవ్వు మొహం. పన్నెండు వారాలకి పన్నెండు కాగితాలు ఇచ్చాడు. ఒక్కో కాగితం మీద ఏడు రోజులకి ఏడు గళ్ళు. చెప్పినన్ని నిమిషాలు నడిస్తే టిక్కు పెట్టాలి. పక్క గడిలో ఎలా ఉందో రాయాలి. వారం వారం అయిదు నిమిషాలు పెరుగుతుంది. కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఇంకో మాట ఉంది: రెండు వారాలు వరసగా ఖాళీ వదిలినవారు సహకరించని రోగులుగా పరిగణింపబడి, వారి పేరు తీసివేయబడును.

మొదటి మూడు వారాలూ నిజంగానే నడిచింది. ఇంటి ముందు వసారాలో, గోడ పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకి. వెనకాల తల్లి.

"ఇంకొక్క అయిదు నిమిషాలు, తల్లీ."

"స్టేజీ వచ్చేసిందమ్మా, దించెయ్."

"ఒక్క అయిదే. మాస్టారు చెప్పాడు కదా."

నాలుగో వారం మెట్ల దగ్గర కూలబడింది. రెండు రోజులు తల ఎత్తలేదు. మూడో రోజుకి వెలుతురు చూడలేనంది. ఆ ఆదివారం తల్లి ఖాళీ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. పేరు తీసివేయబడును. ఉన్నది ఒక్క క్లినిక్కు. అదీ తెగిపోతే ఈ పిల్లని పట్టుకుని ఎక్కడికి పోవాలి? ఏడు గళ్ళలోనూ టిక్కులు పెట్టింది. పక్కన "పర్వాలేదు" అని రాసింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అంతే. కూతురు బాత్రూముకి నేల మీద పాకుతూ పోయేది. పక్క గదిలో తల్లి అరగంట నడిచినట్టు, నలభై నిమిషాలు నడిచినట్టు రాసేది. పని మీద శ్రద్ధ ఎక్కువ ఆవిడకి. అన్ని టిక్కులూ ఒకేలా ఉంటే పట్టుబడతానని రెండు పెన్నులు మార్చింది. ఒక గురువారం "కాస్త నీరసం" అని రాసింది, నిజంలా ఉండాలని. అబద్ధాన్ని కూడా కుట్టు కనపడకుండా కుట్టింది.

కూతురు మాత్రం అడిగేది. "రాస్తున్నావా అమ్మా, నేను పడ్డవన్నీ?"

"రాస్తున్నాలే, పడుకో."

పన్నెండో వారం కాగితాలు తీసుకుని ఒక్కతే వెళ్ళింది. "అమ్మాయి రాలేదేం?" అన్నాడు నడకల మాస్టారు. "నడక్కి వెళ్ళిందండీ" అంది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడకి ఇప్పటికీ తెలీదు. ఆయన సంతోషం పట్టలేక ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "పూర్తి చేశారు, మెరుగుదల ఉంది" అని ముద్ర వేశాడు. పూర్తయింది కాబట్టి జాబితాలోంచి పేరు కొట్టేశాడు. ఏది తెగుతుందని భయపడి గీసిందో అది గీసినందుకే తెగింది.

ఇంతవరకూ అది ఆవిడ ఒక్కదాని పాపం. కమిటీ పంపిన కొత్త పుస్తకం చిత్తుప్రతి చూశాక కాదని తెలిసింది. మాట్లాడబోయేవాళ్ళు ముందుగా చదువుకోవాలని రెండు వారాల ముందు పోస్టులో పంపారు. కూతురి కోసం మెల్లగా చదువుతూ తల్లి పద్నాలుగో పేజీకి వచ్చింది. నడక పెంచాలన్న మాట అక్కడే ఉంది. దాని కింద ఆధారం: ఒక క్లినిక్కులో నూట పన్నెండు మంది రోగుల ఇళ్ళలో రోజూ నింపిన కాగితాలు, తొంభై ఆరు మంది పూర్తి చేశారు, హాని జరిగినట్టు ఎక్కడా నమోదు కాలేదు.

"ఆగావేం?"

"అక్షరాలు చిన్నవమ్మా. కళ్ళజోడు తుడుచుకుంటున్నాను."

ఆ పేరా వదిలేసి కింది పేరాకి దూకింది.

మర్నాడు దుకాణం వెనక, వేలాడుతున్న కోట్ల మధ్య దూరి, గుసగుసమ్మకి ఫోను చేసింది. ఆవిడా ఈ జబ్బు మనిషే. మంచం మీది నుంచే రోగుల సంఘం నడుపుతుంది. ఒకప్పుడు హెడ్మిస్ట్రెస్. "నా అరుపుకి పిల్లలు కాదు, టీచర్లే పారిపోయేవాళ్ళు" అంటుంది. ఇప్పుడు ఆ గొంతు గుసగుస. అదీ రోజుకు మూడు నిమిషాలు, పక్కన గడియారం పెట్టుకుని.

తల్లి అంతా చెప్పింది. మధ్యలో లైను తెగిందేమోనని భయమేసింది.

"ఉన్నారా అండీ?"

"ఉన్నాను. మా ఆయనా గీశాడు."

"అయ్యో. మీకు తెలుసా?"

"తెలియడమేమిటి, నేనే గీయమన్నాను. హెడ్మిస్ట్రెస్‌ని, నాకు మంచి మార్కులు రాకపోతే ఎలా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గుసగుసమ్మ నవ్వు దగ్గులా ఉంది.

"ఇంకెంతమంది ఉంటారండీ?"

"నేనెవర్నీ అడగలేదు. అడిగితే నాదీ చెప్పాల్సొస్తుందని."

"చెప్పేయనా కమిటీలో?"

"చెప్తే ఇంటివాళ్ళంతా అబద్ధాలకోరులని ముద్రేస్తారు. ఇంకే మాటా చెవిన పెట్టరు. చెప్పకపోతే పద్నాలుగో పేజీ అలాగే అచ్చవుతుంది. రేపెప్పుడో జ్వరం తగిలి లేవలేని పిల్ల వెనకాల ఇంకో అమ్మ నిలబడి, ఇంకొక్క అయిదు నిమిషాలు తల్లీ అంటుంది." గడియారం గంట మోగింది. "నా టైము అయిపోయింది. ముందు మీ అమ్మాయికి చెప్పండి. నా సంగతి మాత్రం బయట పెట్టకండి. ఆయన పరువు."

రేపు చెబుదామనుకుంది తల్లి. మర్నాడు కూతురు నాలుగు చెంచాల్లో రెండే తాగింది. ఎల్లుండి అనుకుంది. ఎల్లుండి కూతురే అడిగింది, "యూనిఫారం చొక్కా బిగించావా ఈ ఏడాది?" అని. ఏటా అడుగుతుంది. ఎప్పుడు లేచినా డ్యూటీకి తయారుగా ఉండాలట. తల్లి ఏటా పడుకున్న మనిషి చుట్టూ టేపు దూర్చి కొలిచి, పుస్తకం వెనక పేజీలో తేదీ వేసి రాసుకుని, చొక్కా కుట్లు ఇంకో వేలెడు లోపలికి జరుపుతుంది. ఆ ప్రశ్న విన్నాక ఇంకేం చెబుతుంది?

కమిటీ రోజు రానే వచ్చింది. ఎదురింటావిడని గది బయట కూర్చోబెట్టి తల్లి చెప్పులు వేసుకుంది.

"రైట్, రైట్," అంది లోపలి నుంచి కూతురు, ఊపిరంత గొంతుతో. "అమ్మా, కాగితాల వాక్యం గట్టిగా చదువు. అదే మన టిక్కెట్టు."

మూడో అంతస్తులో పొడుగు బల్ల. తొమ్మిది మంది. ప్రతి ఒక్కరి ముందూ నీళ్ళ సీసా, పేరు చెక్క. తల్లి ముందు పెట్టిన చెక్క మీద "రోగి" అని ఉంది. మధ్యలో కూర్చున్న పెద్ద డాక్టరమ్మ ఒక చిన్న గడియారాన్ని ఆవిడ వైపు తిప్పింది. ఆ చివరన నడకల మాస్టారు. జుట్టు నెరిసింది, నవ్వు అదే. ఆయన ముందు ఒక అట్ట ఫైలు.

చదవడం మొదలుపెట్టింది. కూతురి గదిలో గుసగుసకే అలవాటైన గొంతు పైకి రాలేదు. "కొంచెం గట్టిగానమ్మా," అన్నారెవరో. గట్టిగా చదివితే కూతురికి తగులుతుందేమోనన్నట్టు గుండె ఉలిక్కిపడింది. యాభై వాక్యాలకి ఏడు నిమిషాలు పట్టింది. మూడు నెలల ఊపిరి, ఏడు నిమిషాలు.

యాభై ఒకటోది. "నా మాట నమ్మకపోతే, క్లినిక్కులో నా నడక కాగితాలు..."

ఆగిపోయింది.

"ఉన్నాయండీ, తెప్పించాను," అన్నాడు నడకల మాస్టారు, సాయం చేస్తున్నవాడిలా. ఫైలు తెరిచి బల్ల మీద తోశాడు. "పన్నెండు వారాలూ పూర్తి. అన్నీ టిక్కులే. అమ్మగారి చేతిరాతే. తర్వాతెప్పుడో ఇంకేదైనా కారణంతో జబ్బు ముదిరి ఉండవచ్చు."

నీలం పెన్ను, నల్ల పెన్ను. కాస్త నీరసం. ఏడేళ్ళు అయినా సిరా వెలిసిపోలేదు.

"మూడు వారాలే నిజం," అంది తల్లి. "మిగతా తొమ్మిదీ ఆదివారాలు కూర్చుని నేను గీసినవి. అది అప్పటికే నేల మీద పాకుతోంది. పేరు కొట్టేస్తారని భయమేసింది."

ఎవరో కుర్చీ జరిపారు. నడకల మాస్టారి మొహంలో నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే ఉండిపోయింది. "అప్పుడు నడక్కి వెళ్ళిందన్నారు కదమ్మా నాతో?"

"అన్నాను."

"అప్పుడు అబద్ధం చెప్పి, ఇప్పుడు నిజమంటే మేమెలా నమ్మాలి?"

"నమ్మకండి బాబూ," అంది తల్లి. బల్ల మీది ఫైలు వైపు వేలు చూపింది. "నన్ను నమ్మకండి. కానీ ఆ కాగితాలూ నమ్మకండి. రెండూ ఒక్క చేతివే. నాది పనికిరాదంటే అదీ పనికిరాదు. దాని మీద పుస్తకం రాయకండి."

"మీలా ఇంకెవరైనా చేశారా?" అంది పెద్ద డాక్టరమ్మ.

తల్లికి గుసగుసమ్మ మాట గుర్తొచ్చింది. "ఉంటారమ్మా. వాళ్ళు ఇక్కడిదాకా రాలేరు. పేర్లు నన్నడగకండి."

"ఆ వారాల్లో అమ్మాయి స్థితి రాసిన వేరే కాగితం ఏదైనా ఉందా? ఏదైనా సరే."

లేదందామని పుస్తకం మూయబోయింది. వెనక పేజీ తెరుచుకుంది. "ఇవి... దాని చొక్కా కొలతలు." గడియారంలో నిమిషం కూడా మిగల్లేదు. పెద్ద డాక్టరమ్మ చెయ్యి చాచి పుస్తకం తీసుకుంది. మొదటి కాగితం తేదీకి ముందు రోజు: ఛాతీ ముప్ఫై నాలుగు, నడుము ఇరవై ఎనిమిది. పన్నెండో కాగితం వారంలో: ముప్ఫై ఒకటి, ఇరవై నాలుగు. తర్వాత ఏటా ఒక వరస.

"ఇవీ మీరు రాసినవే కదా?"

"అవునమ్మా. కానీ గుడ్డ దగ్గర అబద్ధం నడవదు. తప్పు రాస్తే చొక్కా పట్టదు."

గంట మోగింది. పెద్ద డాక్టరమ్మ ఆ పేజీ జిరాక్సు తీయించి పుస్తకం తిరిగి ఇచ్చింది. మంచిదని గాని, చెడ్డదని గాని అనలేదు.

ఇంటికి వచ్చేసరికి కూతురు మేలుకుని ఉంది.

"చదివావా?"

"చదివాను."

"కాగితాల వాక్యం?"

తల్లి నేల మీద కూర్చుంది. చెప్పింది. మొదటి ఆదివారం నుంచి, రెండు పెన్నులతో సహా. చెప్పకుండా వదిలింది గుసగుసమ్మ సంగతి ఒక్కటే.

కూతురు కళ్ళు తెరిచింది. ఆ సన్నటి వెలుగు కూడా గుచ్చుకుంటుందని ఎన్నాళ్ళుగానో తెరవని కళ్ళు.

"నేను పాకుతుంటే... నువ్వు పర్వాలేదని రాశావా?"

"అవునమ్మా."

"లోకంలో ఎవరూ నమ్మకపోయినా... ఒక్క కాగితం మీద నా సంగతి ఉన్నదున్నట్టు ఉందనుకున్నానే. ఏడేళ్ళు... దాన్ని పట్టుకుని పడుకున్నాను."

"మాట్లాడకు తల్లీ, ఎల్లుండి దెబ్బ పడుతుంది. తిట్టాలంటే తర్వాత తిట్టు. రోజుకో తిట్టు తిట్టు."

"దిగమ్మా," అంది కూతురు. కళ్ళు మూసుకుంది. "స్టేజీ వచ్చింది. దిగు."

తల్లి వసారాలోకి వచ్చి గోడకి ఆనుకుంది. ఇన్నేళ్ళలో తను చూస్తుండగా ఒక మనిషి వెళ్ళిపోవడం ఇదే మొదలు. మంచం మీంచి కదలకుండానే వెళ్ళిపోయింది.

ఎల్లుండి దెబ్బ పడనే పడింది. పాలు రెండు చెంచాలు, తర్వాత ఒకటి. మాట లేదు. మంచం కర్ర మీద వేలితో ఒకసారి కొడితే నీళ్ళు, రెండుసార్లు కొడితే పక్కకి తిప్పాలి. నలభై రోజులు అంతే. ఆ పిల్లకి మాట పోయిందో, తనతో మానేసిందో తల్లికి తెలిసే దారి లేదు. అడిగితే జవాబు చెప్పడానికి ఓపిక ఖర్చవుతుంది. జవాబు వచ్చినా భరించగలదో లేదో. జబ్బే అయి ఉండాలని ఒక పూట కోరుకునేది. ఛ, కోపమే అయి ఉంటే బాగుండునని ఇంకో పూట.

నలభై ఒకటో రోజున కమిటీ నుంచి కవరు వచ్చింది. తల్లి గడప మీద నిలబడి చదివింది. పద్నాలుగో పేజీలోని ఆధారాన్ని పక్కన పెట్టారు. నడక పెంచాలన్న మాటను తీసెయ్యలేదు, ఉంచనూ లేదు. ఏడాది తర్వాత తేలుస్తారు. అంతదాకా క్లినిక్కుల్లో పాత పద్ధతే. ఈలోగా, ఇదివరకు పూర్తి చేసినట్టు రాసిన కుటుంబాలు ఇష్టమైతే, రోగి స్థితి ఉన్నదున్నట్టు ఏడాది పాటు రాసి పంపవచ్చు. ఖాళీ వదిలినా పేరు తీసివేయబడదు. వెనకాల గళ్ళ కాగితాలు, యాభై రెండు.

ఏడాది. ఇంకొక్క అయిదు నిమిషాలు తల్లీ అని ఎన్ని ఇళ్ళలో, ఎన్ని వసారాల్లో. లోపల చెంచాడు పాలు.

తల్లి మొదటి కాగితం పుస్తకం మీద పెట్టుకుని పెన్సిలు తీసింది. గడప దాటలేదు.

"అమ్మలూ, కొత్త కాగితాలు వచ్చాయి. ఉన్నదున్నట్టు రాయమన్నారు. ఈ రోజు ఎలా ఉందని రాయను?"

వీధిలో ఒక బస్సు ఆగి, మనుషులని దించి, మళ్ళీ కదిలిన చప్పుడు. ఆవిడ కాలు మార్చి నిలబడింది. పర్వాలేదు అన్న మాట చేతి వేళ్ళలో తయారుగా ఉంది, పాత అలవాటు. వేళ్ళు బిగించుకుంది.

చాలాసేపటికి మంచం కర్ర మీద వేలి చప్పుడు వినిపించింది. ఒకసారి. నీళ్ళు.

లోపలికి వెళ్ళి నీళ్ళు పట్టింది. తుడిచి, కాగితం ఒళ్ళో పెట్టుకుని మంచం పక్కన నేల మీద కూర్చుంది. కూతురు కళ్ళు తెరవలేదు. చెయ్యి మాత్రం దుప్పటి మీద నుంచి జరిగి జరిగి వచ్చి, తల్లి ఒళ్ళో ఉన్న కాగితం అంచుని తాకి, అక్కడే ఆగింది. తోసెయ్యడానికో, చూడడానికో, ఊరికేనో.

తల్లి ఆ చేతిని కదపలేదు. ఈ రోజు గడి చెయ్యి కిందే ఉంది. ఏమీ రాయకుండా, చెయ్యి తీసేదాకా, అలాగే కూర్చుంది.